రాత్రి పాడారు, పొద్దున అడిగారు

మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం క్రైస్తవ ప్రార్థన కూడిక పదకొండేళ్ళుగా జరుగుతోంది. పెద్ద సంఘమేమీ కాదు. ఎక్కువొస్తే ఇరవై మంది, వానాకాలంలో అయితే ఎనిమిది మంది. హాల్లో రెండు చాపలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కంజీర, అంతే. మైకు లేదు, ఎప్పుడూ పెట్టలేదు. తలుపు మాత్రం బార్లా తీసి ఉంచుతాం. హాలుకి గాలి వచ్చేది అటునుంచే, పైగా ఆలస్యంగా వచ్చినవాళ్ళు తలుపు కొట్టి లోపలికి రావాల్సిన పని ఉండకూడదని మా అమ్మ పట్టుదల. ఆ తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక రాతి పొత్రం అడ్డం ఉంటుంది. పల్లెలో మా నాయనమ్మ రుబ్బిన రోలుది. రోలు ఎక్కడ పోయిందో తెలియదు, పొత్రం మాత్రం మాతోపాటు మూడు అద్దె ఇళ్ళు మారింది.

మొన్న వేసవిలో ఒక శుక్రవారం, ఏడున్నర దాటి ఉంటుంది, రెండో పాట మధ్యలో ఉన్నాం. ఏడెనిమిది మంది కుర్రాళ్ళు చెప్పులతోనే లోపలికి వచ్చారు. "ఎవడ్రా ఇక్కడ పాస్టరు?" అని ఒకడు అరిచాడు. మా అయ్యగారికి అరవై దాటాయి, ఆయన లేచి నిలబడి, అలవాటు కొద్దీ "వందనాలు బాబూ, కూర్చోండి" అన్నారు. వాళ్ళు పకపకా నవ్వారు.

ఆ తర్వాత పావుగంట సంగతి చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కొట్టలేదు, అది నిజమే చెప్పాలి. కానీ ఒకడు ఫోను లైటు వేసి ఒక్కొక్క ఆడమనిషి మొహం మీద పెట్టి వీడియో తీశాడు. నీ పేరేంటి, బొట్టెందుకు తీసేశావు, నెలకి ఎంత ఇస్తున్నారు, బియ్యం బస్తా ఎన్ని కేజీలు. ఒక ముసలామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటే ఆ కొంగు లాగి మరీ తీశాడు. నాలుగిళ్ళలో అంట్లు తోముకునే ఒక అక్క మాత్రం లైటు కళ్ళలో పడుతున్నా చూపు తిప్పకుండా, "నాకెవరిస్తారయ్యా, నేనే వారం వారం పది రూపాయలు కానుకేస్తా" అంది. ఇంకొకడు కంజీర తీసి గోడకేసి కొట్టాడు, తోలు చిరిగింది. వచ్చే వారం ఇక్కడ ఎవరైనా కనపడితే మర్యాదగా ఉండదు అని చెప్పి, పొత్రాన్ని కాలితో తన్ని, తలుపు ధడేల్మని వేసి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి తలుపు మూసే కూడిక పెట్టాం. కిటికీలు కూడా. మే నెల, ఆ హాలు, ఉక్కపోత. పాటలు నోట్లోనే పాడుకున్నాం, చప్పట్లు కూడా వేళ్ళ చివర్లతో. వచ్చేవాళ్ళు ఇరవై నుంచి ఏడుగురికి దిగారు. రానివాళ్ళని నేను ఒక్క మాట అనను, ఎందుకంటే నేను చేసిన పని వాళ్ళు చేసినదానికంటే ఏమంత గొప్పది కాదు. ఆ రాత్రే బయటికి వెళ్ళి నా బండి మీద ఉన్న బైబిలు వాక్యం స్టిక్కరు గోళ్ళతో గీకి తీసేశాను. సగం వచ్చింది, సగం రాలేదు. మిగిలిన ముక్క ఎవరికీ అర్థం కాదులే అని వదిలేశాను. పొద్దున షాపుకి వెళ్తుంటే యేసు శిష్యుడు పేతురు గుర్తొచ్చాడు. ఆయన్ని భయపెట్టింది సైన్యం కాదు, ప్రధాన యాజకుడి ఇంట్లో పనిపిల్ల. చలిమంట దగ్గర నిలబడి ఉంటే "నువ్వు కూడా యేసుతో ఉన్నవాడివే కదా" అంది, అంతే, ఆయనెవరో నాకు తెలియదనేశాడు. చిన్నప్పటి నుంచి ఆ కథ విన్న ప్రతిసారీ పేతురు ఎంత పిరికివాడో అనుకునేవాణ్ణి.

"ఎంత ముట్టింది" అన్న ప్రశ్న గురించి కొంచెం చెప్పాలి. మాకిది కొత్త కాదు. ఫోను తెరిస్తే చాలు, మేం గొర్రెలం, మేం బియ్యం బస్తాల కోసం మతం మారినవాళ్ళం. ఆ మాట నాకు తగలదు అనను, బాగానే తగులుతుంది. ఎందుకంటే మా ఒంగోలు వైపు మా వాళ్ళ విశ్వాసం కథ నిజంగానే ఒక కరువు చుట్టూ తిరుగుతుంది. కాకపోతే వీళ్ళు అనుకునేదానికి అది పూర్తిగా తలకిందులు.

అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. అదే ఏడాది యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు, మాదిగ పల్లెల్లో పేరున్న మనిషి, అంతకుముందే దేవుడి కోసం గురువుల దగ్గర తిరిగి తిరిగి వెతికినవాడు. దొరకంటే ముందు పల్లె పల్లెకీ నడిచి చెప్పింది ఆయనే. 1867 జనవరిలో తాళ్ళకొండపాడు దగ్గర 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళకి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి చిన్నవిగానే ఉంటాయి. కానీ మాదిగవాడు ఆదివారం పనికి రానంటే, జాతరలో డప్పు కొట్టనంటే, ఊరి లెక్క మొత్తం మారిపోతుంది కదా. వెట్టికి రమ్మంటే రాని మనిషిని ఆ రోజుల్లో ఎవరు ఊరుకున్నారు? పనులు ఆపారు, నీళ్ళు ఆపారు, తప్పుడు కేసులు పెట్టారు, కొట్టారు. క్రీస్తుని నమ్మినందుకు వాళ్ళకి ముట్టిన మొదటి లాభం అదీ.

తర్వాత ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. క్లౌ దొరకి అమెరికాలో ఉన్నప్పుడు భూమి సర్వే చేసిన అనుభవం ఉంది. దాంతో బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ ముక్క కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళని వేలల్లో పిలిచి తవ్వకం పని ఇచ్చాడు. పని చేస్తే కూలి. ఆ తవ్వకంలో సాయంత్రాలు వాక్యం విని బాప్తిస్మం అడిగినవాళ్ళు కుప్పలు తెప్పలు. ఆయన ఇవ్వలేదు. ఏడాది పైన ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఎందుకంటే అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని. ఇవాళ ఫోను లైటు వేసి మా అక్కని అడిగిన ప్రశ్న ఆయన నూట నలభై ఏళ్ళకి పైన ముందే తనని తాను అడుక్కున్నాడు, జవాబు వచ్చేదాకా ఆగాడు.

సాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక, 1878 వేసవిలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం వచ్చి కూర్చున్నారు. వెళ్ళిపొమ్మంటే పోలేదు. మాకు సాయం వద్దు, మేం పని చేసి బతికామనడానికి మా చేతుల మీది బొబ్బలే సాక్ష్యం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారని క్లౌ రాసి పెట్టాడు. జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది ఆ ఏట్లో మునిగి లేచారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం ఎండకి కాసేపు ఆగి మళ్ళీ సాయంత్రం దాకా ఇచ్చారు. ఆ మునిగినవాళ్ళలో మన పెద్దలున్నారురా అని మా నాయనమ్మ చెప్పేది. రికార్డు చూపించమంటే నా దగ్గర లేదు, ఆమె మాట ఉంది, ఆమె పొత్రం ఉంది.

కరువులో అన్నం పెట్టినవాడి మీద నమ్మకం కుదరలేదా అంటే, కుదిరింది, ఎందుకు కుదరదు? ఊరు బావి దగ్గరికి రానివ్వని మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నవాడి మాట వినాలనిపించడం అమ్ముడుపోవడమా? నాకు ఈ విషయంలో చాలా కోపం వస్తుంది. తరాలుగా ఆకలితో ఉన్నవాడు ఏది నమ్మినా అది కడుపు కోసమే అనుకోవడం, వాడికి ఆలోచన ఉండదు, మనసుండదు, దేవుడి కోసం వెతుకులాట ఉండదు అని తేల్చేయడం, అది మతం గురించిన మాట కాదు, పాత కులం మాటే కొత్త బట్టలు వేసుకుని వచ్చింది.

ఇక ధైర్యం అంటే నాకు గుర్తొచ్చేది మా నాన్న. ఆయన వేదికలెక్కే మనిషి కాదు, ప్రార్థన చెయ్యమన్నా రెండు వాక్యాల్లో ముగించేవాడు. నన్ను పదో తరగతికి కట్టించేటప్పుడు ఫారంలో మతం దగ్గర క్రైస్తవం అని రాశాడు, కులం దగ్గర బీసీ-సీ. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని మనిషి ఎస్సీ కాడు. 1956లో సిక్కులని చేర్చారు, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని, ముస్లిములని చేర్చలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ-సీ, ఒక శాతం రిజర్వేషన్. పల్లె మారదు, గుడిసె మారదు, ఊళ్ళో టీ గ్లాసు మారదు, సర్టిఫికెట్ మాత్రం మారుతుంది. స్కూల్లో గుమాస్తా మంచివాడే, "ఏందయ్యా, పిల్లాడి స్కాలర్‌షిప్ పోద్ది, హిందూ అని రాయి, అందరూ అట్టనే రాస్తన్నారు" అని నచ్చజెప్పాడు. మా నాన్న పెన్ను ఒకసారి ఆపి, మళ్ళీ అదే రాశాడు. ఇంటికొచ్చేదాకా ఏం మాట్లాడలేదు.

నేను ఆయన మీద పదేళ్ళు కోపంగా ఉన్నాను. నా తోటివాళ్ళు హాస్టల్ సీట్లు తెచ్చుకుంటుంటే, మా అమ్మ గాజులు కుదువపెట్టి నా ఇంటరు ఫీజు కట్టింది. అలాగని హిందూ అని రాయించుకున్నవాళ్ళని తప్పు పట్టే హక్కు నాకు లేదు. మా బంధువుల్లోనే ఒకరింట్లో ఎస్సీ సర్టిఫికెట్ ఎంక్వైరీకి ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడంటే గోడ మీది బైబిలు వాక్యాల వాగ్దాన క్యాలెండరు తీసి బీరువా వెనక పెడతారు, ఆయన వెళ్ళాక మళ్ళీ మేకుకి తగిలిస్తారు. ఆ ఇంటి పిల్ల అది చూస్తూ నిలబడి ఉంటుంది. పేదవాణ్ణి దేవుడా, చదువా అని నిలబెట్టి అడిగే పద్ధతే తప్పు, ఆ తప్పు ఆ పిల్లది కాదు, క్యాలెండరు తీసిన తల్లిదీ కాదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని తీర్పు ఇచ్చినప్పుడు నాకు ఆ మేకు గుర్తొచ్చింది, మా నాన్న ఆగిన పెన్ను గుర్తొచ్చింది. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు, ఎవరినీ తిట్టలేదు. అడిగిన చోట తన పేరు తను రాశాడు. ఆయన కొడుకు స్టిక్కరు గీకాడు.

రెండో వారం మూసిన తలుపుల వెనక కూడిక అయ్యాక కంప్లైంట్ ఇవ్వాలా వద్దా అని చర్చ వచ్చింది. అయ్యగారు వద్దన్నారు. ప్రభువే చూసుకుంటాడు, మనం క్షమించాలి, పోలీసుల దగ్గరికి పోతే పగ పెరుగుతుంది అని ఆయన భయం, ఆ భయంలో ప్రేమ కూడా ఉంది, ఆయనకి మా గురించే టెన్షన్. నేను కూడా లోపల హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు మా అమ్మ, ఐదో తరగతి చదివింది, చాప మీద నుంచి లేవకుండానే అడిగింది: "అయ్యగారూ, ఫిలిప్పీలో పౌలు అట్ట చేశాడా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. బైబిల్లో ఫిలిప్పీ ఊరంటే మా అందరికీ ఆ రాత్రే గుర్తుంటుంది. యేసు గురించి ఊరూరా చెప్పే పౌలుని, సీలని బట్టలు లాగి బెత్తాలతో కొట్టి, కాళ్ళకి బొండ వేసి లోపలి చెరలో పడేస్తే, వాళ్ళు అర్ధరాత్రి పాటలు పాడారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. వందసార్లు విన్న ప్రసంగం. వాళ్ళ మీద మోపిన నేరం కూడా ఎంత తెలిసిన మాటో చూడండి, వీళ్ళు వేరేవాళ్ళు, మన ఊరిని గలిబిలి చేస్తున్నారు, మనకి పనికిరాని ఆచారాలు చెప్తున్నారు. అసలు సంగతి, ఒక బానిసపిల్లలోని దయ్యాన్ని పౌలు వెళ్ళగొట్టడంతో, ఆమెతో సోదె చెప్పించి సంపాదించే యజమానులకి ఆదాయం పోవడం. డబ్బు నష్టం ఆచారం పేరు పెట్టుకుని న్యాయాధిపతుల దగ్గరికి వెళ్ళింది.

మా అమ్మ అడిగింది రాత్రి గురించి కాదు, మర్నాటి పొద్దున గురించి. పొద్దున న్యాయాధిపతులు బంట్రోతులని పంపి వాళ్ళని వదిలెయ్యమన్నారు. గుట్టుగా, ఎవరికీ తెలియకుండా. మనమైతే దేవుడికి స్తోత్రం అని చెప్పి ఆ క్షణమే బయటపడతాం. పౌలు కదలలేదు. విచారణ లేకుండా, రోమా పౌరులమైన మమ్మల్ని అందరి ముందూ కొట్టించారు, ఇప్పుడు చాటుగా పంపేస్తారా, కుదరదు, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి ఖైదీలు పారిపోయారనుకుని తన చెరసాల నాయకుడు ఆత్మహత్య చేసుకోబోతుంటే, వద్దు, మేమందరం ఇక్కడే ఉన్నాం అని కేక వేసి ఆపిన మనిషి, పొద్దున తన హక్కు దగ్గర ఒక్క అంగుళం తగ్గలేదు. ఒకే మనిషి, ఒకే రోజు. క్షమించడానికీ అడగడానికీ మధ్య గొడవ ఉందని పౌలుకి తోచనే లేదు. తన కోసం మాత్రమే అడిగి ఉండడు అని నా అభిప్రాయం. ఆయన ఊరు దాటి వెళ్ళిపోతాడు, ఆ ఊళ్ళో లూదియ అనే ఆమె ఇంట్లో కూడుకునే నలుగురు కొత్త విశ్వాసులు మిగిలిపోతారు. వాళ్ళ తలుపు తన్నేముందు ఎవడైనా ఒకసారి ఆలోచించాలంటే, ఆ పొద్దున న్యాయాధిపతులు నడిచి రావడం ఊరంతా చూసి ఉండాలి.

అయ్యగారు చాలాసేపు బైబిలు వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత "నేనూ వస్తాను" అన్నారు.

స్టేషన్లో గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టారు. రాసిన కాగితం చూసి, ఇంట్లో ఇలాంటివి పెట్టుకోవడానికి పర్మిషన్ ఉందా అని మమ్మల్నే అడిగారు. కుర్రాళ్ళు కదా, రాజీ పడండి అన్నారు. నా కాళ్ళు వణుకుతున్నాయి, కానీ ఆ బెంచీ మీద కూర్చుని నేను ముందే ఫోనులో చదువుకున్న రాజ్యాంగం 25వ అధికరణం మాటలు మనసులో తిప్పుకుంటున్నాను. నమ్మే హక్కు, ఆచరించే హక్కు, ప్రచారం చేసే హక్కు, శాంతిభద్రతలకి లోబడి. మేం ఎవరి శాంతికి భంగం కలిగించాం? మైకే లేదు కదా. అదే మాట చెప్పాను, గొంతు పెద్దగా రాలేదు, అయినా చెప్పాను.

మాకు బలం వచ్చింది మేం అనుకోని వైపు నుంచి. మా పై వాటాలో ఒక రిటైర్డ్ టీచరు గారు ఉంటారు. తెల్లవారుజామునే విష్ణు సహస్రనామం పెట్టుకుంటారు, మా అమ్మకి అదే అలారం. ఎవరు చెప్పారో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కళ్ళజోడు పెట్టుకుని స్టేషన్‌కి వచ్చారు. "పదకొండేళ్ళుగా వీళ్ళ పక్కన ఉంటున్నా, నాకు ఏ ఇబ్బందీ లేదు, ఆ రోజు చూసింది చూసినట్టు నేను రాసిస్తా" అని, తెల్లకాగితం అడిగి, అక్కడే టేబుల్ చివర కూర్చుని, గుండ్రటి అక్షరాలతో ఒకటిన్నర పేజీ రాసి సంతకం పెట్టారు. కొంగు లాగిన సంగతి కూడా రాశారు. కంప్లైంట్ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. బయటికి వచ్చాక నేను ఆయన చేతులు పట్టుకుంటే, "మా ఇంట్లో ఆడవాళ్ళ మీద లైటేస్తే మీరు ఊరుకుంటారా" అన్నారు, అంతే, బస్సు టైమవుతోందని వెళ్ళిపోయారు.

ఇది ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, మనలో కొంతమంది ఇలాంటివి జరిగినప్పుడు హిందువులందరినీ ఒక గాటన కట్టేస్తారు. వేదికల మీద మైకు పట్టుకుని ఇతరుల దేవుళ్ళని ఎగతాళి చేసి, దానికి ధైర్యం అని పేరు పెట్టే బోధకులు కూడా ఉన్నారు. నాకు అది ధైర్యంలా కనపడదు. ఏసీ హాల్లో మనవాళ్ళ చప్పట్ల మధ్య అన్న మాటకి, ఆ వీడియో తిరిగి తిరిగి చివరికి ఏ పల్లెలోనో ఒంటరిగా ప్రార్థన మందిరం ఊడ్చుకునే ముసలాయన దెబ్బ తింటాడు. క్రీస్తు తన్ను కొట్టినవాణ్ణి నన్నెందుకు కొట్టావని అడిగాడు, కానీ వాడి తల్లినీ దేవుణ్ణీ తిట్టలేదు.

క్షమాపణ గురించి మాట్లాడేటప్పుడు నేను గ్లాడిస్ స్టెయిన్స్ గారిని దాటి వెళ్ళలేను. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలో కియోంజర్ జిల్లా మనోహర్‌పూర్లో ఆమె భర్త, ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహంని, కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ని, ఆరేళ్ళ తిమోతిని వాహనంలో నిద్రపోతుండగా తగలబెట్టారు. అప్పుడు మా ఇంట్లో పేపరు ఫొటో చుట్టూ అందరం నిలబడిపోయాం. ఆమె క్షమించానని చెప్పారు. వాళ్ళని శిక్షించాలన్న కోరిక తనకి లేదని, వాళ్ళు పశ్చాత్తాపపడి మారాలన్నదే తన ఆశ అని విచారణ కమిషన్ ముందు కూడా అన్నారు. చాలామంది అక్కడితో కథ ఆపేస్తారు. ఆ తర్వాతి ఏళ్ళు నాకు ఇంకా పెద్దవిగా కనిపిస్తాయి. ఆమె వెళ్ళిపోలేదు. కూతురు ఎస్తేరుతో బారిపదలోనే, భర్త నడిపిన కుష్ఠురోగుల ఆశ్రమంలోనే 2004 దాకా ఉన్నారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. కేసు తన దారిలో తను నడిచింది, 2003లో కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టులో మరణశిక్ష యావజ్జీవం అయింది, 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆమె క్షమించారు కాబట్టి చట్టం పక్కకి తప్పుకోలేదు, చట్టం నడుస్తోంది కాబట్టి ఆమె పగ పట్టలేదు. పుళ్ళు కడిగే పని మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదేమో అనిపిస్తుంది నాకు.

నేను ఆ కుర్రాళ్ళని క్షమించానా? ఫోను లైటు వేసినవాణ్ణి ఇంకా పూర్తిగా లేదు. వాడు నాకు తెలుసు, మా షాపు వీధిలోనే తిరుగుతాడు. బండి మీద వెళ్తూ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. రోజూ పొద్దున వాడి పేరు ప్రార్థనలో చెప్తున్నాను. మొదట్లో పేరు పలకడానికే నోరు రాలేదు, పళ్ళు బిగించి చెప్పాను. ఇప్పుడు మామూలుగా వస్తోంది. అంతకుమించి ఏదో జరిగిందని అబద్ధం చెప్పలేను.

కేసు ఏమవుతుందో ఇంకా తెలియదు. కానీ ఒక కానిస్టేబులు రెండు శుక్రవారాలు వీధి చివర వచ్చి నిలబడ్డాడు, ఆ వీడియో ఫోనుల్లోంచి తీసేశారని విన్నాం. కంజీర పట్టుకెళ్ళి తోలు కొత్తది వేయించాను, ఇంకా బిగువు దిగలేదు, శబ్దం కొంచెం కీచుగా ఉంటుంది. బండి మీద కొత్త స్టిక్కరు అంటించాను, పాత సగం ముక్క మీదే.

మొన్న శుక్రవారం పదమూడు మంది వచ్చారు. అంట్లు తోమే అక్క వచ్చింది, కొంగు లాగించుకున్న పెద్దామె కూడా మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. తలుపు మూసే ఉంది, అందరికీ చెమటలు. అయ్యగారు మొదటి ప్రార్థన చేసి పాట ఎత్తుకోబోతుంటే మా అమ్మ చాప మీద నుంచి మెల్లగా లేచింది. వెళ్ళి గడియ తీసింది, తలుపు గోడదాకా తోసింది. మూలన పడి ఉన్న పొత్రాన్ని కాలితో దొర్లించుకుంటూ వచ్చి తలుపుకి ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుని వచ్చి కూర్చుని, "పాడండయ్యా" అంది.